మనది కాని బ్లాకు

1986 మే నెల. ఉదయం ఆరూ పది. నడికుడి స్టేషన్.

మాచర్ల పాసింజరు ఇంకా పూర్తిగా ఆగలేదు. వేరుశనక్కాయల గంపతో ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి ముందుకు తూలాడు. దిగేవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. ఎవరూ పట్టించుకోలేదు. పదడుగుల దూరంలో పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న యల్లమంద మాత్రం పేపరు పడేసి పరిగెత్తాడు.

శనక్కాయలమ్మే ఆ మనిషి పేరు ఆదెయ్య. ఇంటెలిజెన్స్ డిపార్టుమెంటులో పదకొండేళ్ళ సర్వీసు. ఇప్పుడతని మెడ వెనక, చొక్కా కాలరుకు వేలెడు పైన, సూది గుచ్చిన చుక్క ఉంది. దాని చుట్టూ చర్మం అప్పుడే నీలంగా మారుతోంది.

"యల్లమందా..." ఆదెయ్య పెదవులు మాత్రమే కదిలాయి. "ఇయ్యాల పన్నెండున్నర. టైమర్. ఆరొందల బ్లాకుల్లో ఒకటి... మనది కాదు."

"ఏది? గుర్తేంది?"

ఆదెయ్య ఊపిరి ఆగిపోయింది. పాసింజరు కూత వేసి కదిలింది. హంతకుడు ఆ బండిలోనే ఎక్కి ఉండవచ్చు. ఎక్కి వెతకడమా, ఈ మాట చీఫ్‌కి చేర్చడమా? ట్రైనింగులో మొదటిరోజు చెప్పిన పాఠం, మనిషి కన్నా మాట ముందు అని. యల్లమంద ఆదెయ్య కళ్ళు మూసి, గంపను అతని తల పక్కన సరిగ్గా పెట్టి, జీపు వైపు నడిచాడు.  

ఏడింటికల్లా గురజాలలో ఒక ఎరువుల కొట్టు మేడ మీద ఉన్నాడు. కింద యూరియా బస్తాలు. పైన కిటికీలు మూసిన గది, ఒక వైర్‌లెస్ సెట్, చీఫ్ శేషగిరిరావు.

"ఆదెయ్య పోయాడా?"

"పోయాడు సార్."

శేషగిరిరావు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. అంతకుమించి దుఃఖపడే టైము లేదు. "కూర్చో. ప్రాజెక్ట్ తాబేలు గురించి నీకెంత తెలుసు?"

"కాంక్రీటు ప్రాజెక్టని మాత్రం తెలుసు సార్."

"డాక్టర్ గోపాలకృష్ణయ్య మనవాడే, వినుకొండ. పాత లారీ టైర్లను బియ్యపు నూకంత ముక్కలుగా తురుముతాడు. థర్మల్ స్టేషన్ బూడిద, ఉక్కు ఫ్యాక్టరీ స్లాగు కలుపుతాడు. మూడూ పారేసే సరుకే. సిమెంటు సగం చాలు. మామూలు కాంక్రీటయితే ఇరవై ఒక్క కిలోలుండే బ్లాకు, ఇది పదమూడు. అతకడానికి సిమెంటు మాలు అక్కర్లేదు, ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి. హెలికాప్టర్‌లో వేసుకుని కొండ మీదికి పోయి రెండు గంటల్లో బంకరు కట్టుకోవచ్చు. బాంబు పడితే ముక్కలై ఎగరదు. దెబ్బను మింగేస్తుంది."

"మరి ఎవరికి కన్నుకుట్టింది?"

"ఆర్కిడ్ రింగ్. విదేశీ ముఠా. మన సైన్యానికి రెడీమేడ్ బంకరు ప్యానెళ్ళు అమ్మాలని మూడేళ్ళుగా తిరుగుతున్నారు. ఆ ప్యానెళ్ళ లోపల ఏముంటాయో తెలుసా? మైక్రోఫోన్లు. సరిహద్దులో మన జవాను మాట్లాడే ప్రతి మాటా వాళ్ళకి వినపడుతుంది."

యల్లమంద కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. 

"ఈ రోజు మాచర్ల రోడ్డు మీద పాత నాపరాళ్ళ క్వారీ పక్కన ఫైనల్ టెస్టు," అన్నాడు చీఫ్. "బ్లాకులతో బంకరు పేరుస్తారు. లోపల ఆరుగురు ఆర్మీ ఆఫీసర్లు, డాక్టరు కూర్చుంటారు. పన్నెండున్నరకి బయట మందుగుండు చార్జి పేలుస్తారు. సరిగ్గా అదే నిమిషంలో గోడలో ఉన్న దొంగ బ్లాకు కూడా పేలితే?"

"గోడే కూలిందనుకుంటారు."

"రబ్బరు కాంక్రీటు పనికిరాదని రుజువైపోతుంది. ఏడు శవాలతో సహా."

"టెస్టు ఆపేద్దాం సార్."

"చనిపోయిన మనిషి చెప్పిన ఒక్క మాట మీద ఆపితే ఈ కమిటీ మళ్ళీ రాదు. పన్నెండుంబావు దాకా టైమిస్తున్నాను. దొరక్కపోతే అందర్నీ బయటికి లాగెయ్. ప్రాజెక్టు పోతే పోనీ, ప్రాణాలు పోకూడదు." చీఫ్ ఒక ట్రాన్సిస్టర్ రేడియో ముందుకు తోశాడు. "ఢిల్లీ ల్యాబు నుంచి వచ్చింది. పేలుడు పదార్థం దగ్గరికి పోతే గుయ్యిమంటుంది. ఇదిగో ఈమె మన డబుల్ ఏజెంట్."

ఫోటోలో నల్లకళ్ళద్దాలు, కురచ జుట్టు, లిప్‌స్టిక్.

"రింగు మనిషి వోగెల్ అక్కడ కన్సల్టెంటు వేషంలో ఉన్నాడు. ఈమె వాడి ఇంటర్‌ప్రెటర్. ఫైల్లో పేరు మిస్ లిల్లీ. అసలు పేరు కోటేశ్వరమ్మ. ఆమె ముందు మాత్రం అనకు."

పదింటికి క్వారీ దగ్గర ఎండ నిప్పులు చెరుగుతోంది. యల్లమంద ఖాకీ నిక్కరు, తలపాగా, గుబురు మీసం, చేతిలో తాపీతో కోటయ్య మేస్త్రీ అయిపోయాడు. ఈ మిషన్‌కి అతన్ని ఎన్నుకోవడానికి కారణం ఒక్కటే. అతను ఈ నేల మనిషి. రాళ్ళు కొట్టే ఇంట్లో పుట్టి బి.ఎస్సీ. దాకా వచ్చిన మొదటివాడు. ఇక్కడి మాట, ఇక్కడి నడక నేర్చుకోనక్కర్లేదు.

అదే ప్రమాదమని పది నిమిషాల్లో తెలిసింది.

అబ్దుల్ జబ్బార్ లారీలోంచి ఆఖరి ట్రిప్పు బ్లాకులు దిగుతున్నాయి. జబ్బార్ చీఫ్ మనిషే, ఆ సంగతి లారీకి కూడా తెలియదన్నట్టు ఉంటాడు. గుడ్డ చుట్టలు తలల మీద పెట్టుకుని పన్నెండుమంది ఆడకూలీలు వరసగా బ్లాకులు మోస్తున్నారు. వాళ్ళ ముఠా పెద్ద వచ్చి అడిగింది.

"మేస్త్రీ గారూ, ఈటిని యాడ దించమంటారు?"

యల్లమంద తిరిగి చూసి కొయ్యబారిపోయాడు. అంజమ్మ. సొంత మేనత్త. నరసరావుపేటలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ కూడు వండి పెట్టిన మనిషి. మేనల్లుడు బెజవాడ బ్యాంకులో గుమాస్తా అని ఆమె నమ్మకం.

"ఒరేయ్," అంది అంజమ్మ గొంతు తగ్గించి. "బ్యాంకోళ్ళు మూతి మీద గొంగళిపురుగుని కూడా ఇస్తన్నారా?"

"అత్తా, గట్టిగా మాట్లాడమాక. ఇక్కడ నేను కోటయ్యని."

"కోటయ్యవి గాదు, కోతివి. నిన్ను చదివిచ్చింది తాపీ పట్టుకోడానికా? అదీ తిరగేసి పట్టుకున్నావు."

యల్లమంద గబుక్కున తాపీ సరిగ్గా తిప్పాడు. "ప్రాణాల మీదికి వచ్చిన పని అత్తా. సాయంత్రం అంతా చెప్తా. ఒట్టు."

అంజమ్మ అతని కళ్ళలోకి చూసింది. చిన్నప్పుడు జొరమొచ్చిందో లేదో అట్లాగే చూసేది. తర్వాత వెనక్కి తిరిగి, క్వారీ అంతా వినపడేలా అరిచింది. "ఏమే రోశమ్మా! కోటయ్య మేస్త్రీ గారు ఎనక గోడ కాడికి మొయ్యమంటన్నారు! కదలండే!"

"మొయ్యక చస్తామా?" అంది రోశమ్మ. "ఈ రబ్బరు రాళ్ళు ఎండకి టైరు కంపు కొడతన్నయి. రాత్రి మా ఆయన నీ తలని బస్సు తొక్కిందా అన్నాడు."

ఆడవాళ్ళంతా నవ్వారు.

"నిన్న పొయ్యి కింద నాపరాయి పెడితే టపీమని పేలి కూర కుండ రెండు ముక్కలాయె," అంది ఇంకొకామె. "ఇవి పెడదామంటే ఈ కంపు. అన్నం నోట్లో పెట్టుకోలేం."

యల్లమంద అది వినీ వినకుండా గోడ దగ్గరికి వెళ్ళిపోయాడు. ట్రాన్సిస్టర్‌ని మొదటి బ్లాకు దగ్గర పెట్టాడు. గుయ్యిమంది. దొరికిందనుకున్నాడు. రెండో దాని దగ్గర పెట్టాడు. గుయ్యి. మూడోది, పదోది, నలభయ్యోది. అన్నీ గుయ్యే.

టైరు రబ్బరులో గంధకం ఉంటుంది. ఢిల్లీ ల్యాబువాళ్ళు మిషన్ని అన్నిరకాలుగా పరీక్షించారు గానీ పక్కన ఒక పాత టైరు పెట్టి చూడలేదు. తూకం వేసి ప్రయోజనం లేదు. ఆదెయ్యని అంత శుభ్రంగా చంపినవాళ్ళు పదమూడు కిలోల తూకం తప్పరు.

ఆరువందల బూడిదరంగు బ్లాకులు. ఒక్కొక్కటే లేచి గోడవుతున్నాయి. ఆ గోడకి అవతల, కుర్చీలో కూర్చుని, డాక్టర్ గోపాలకృష్ణయ్య ఆఫీసర్లకు పెళ్ళికి పిలిచినంత ఆనందంగా ఏదో వివరిస్తున్నాడు.

పదకొండున్నరకి పక్కన సెంటు వాసన తగిలింది.

"మాచర్ల బండి లేటా?" మెల్లగా అడిగింది ఒక గొంతు.

"సిగ్నల్ ఇవ్వలేదు," అన్నాడు యల్లమంద, చీఫ్ నేర్పిన సంకేతం ప్రకారం.

మిస్ లిల్లీ నల్లకళ్ళద్దాలు పైకి జరిపింది. "బ్లాకు గోడలో లేదు. ఆఖరి నిమిషంలో వోగెల్ భయపడ్డాడు. తురుము షెడ్డులో రబ్బరు కుప్ప కింద దాచాడు. వాడు లంచ్‌కి వెళ్ళాడు. త్వరగా రా."

షెడ్డు బంకరుకు రెండువందల గజాల దూరం. సిమెంటు రేకుల కప్పు కింద కొండలా టైర్లు, మధ్యలో తురిమే మిషను, మూలన నల్లటి రబ్బరు నూక కుప్ప. యల్లమంద మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులా కుప్పను తోడాడు. నేల తగిలింది. ఏమీ లేదు.

వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది.

"లిల్లీ!"

"సారీ మేస్త్రీ," అంది తలుపవతలి గొంతు. అందులో తొందర లేదు, కోపం లేదు. "బ్లాకు గోడలోనే ఉంది. నా కళ్ళెదుటే లారీ దిగింది. ఏమీ అనుకోకు, ఆదెయ్య కూడా నన్ను నమ్మాడు."

హీల్సు చప్పుడు దూరమైంది. ఎవరో మగమనిషి పరాయి భాషలో ఏదో అని నవ్వాడు. కారు స్టార్టయింది.

యల్లమంద తలుపును తన్నాడు. ఇనుప తలుపు. అరిచాడు. తురిమే మిషను ఆగి ఉన్నా, ఆ టైర్ల గుట్టలు అరుపును మింగేశాయి. రబ్బరు దుమ్ము గొంతులో దిగి ఊపిరి ఆడటం లేదు. వాచీ చూశాడు. పన్నెండుకి ఏడు నిమిషాలు.

క్వారీలో పెరిగినవాడికి ఎక్కడం వచ్చు. టైర్ల గుట్ట ఎక్కడం మొదలుపెట్టాడు. టైరు జారితే కిందికి వచ్చి మళ్ళీ ఎక్కాడు. మూడోసారికి కప్పు అందింది. తాపీ పిడితో రేకును కొట్టాడు, కొట్టాడు. పగిలింది. మీసం ఎక్కడో ఊడిపోయింది. బయటికి దూకేసరికి పన్నెండూ ఎనిమిది.

ఎదురుగా జబ్బార్ లారీ ఆగి ఉంది. కేబిన్‌లో లిల్లీ, పక్కన జబ్బార్.

"భాయ్," అన్నాడు జబ్బార్ తాపీగా. "ఆ దొర ఈమెని వదిలేసి కారేసుకుపోయాడు. ఈమె వచ్చి అర్జెంటుగా గురజాల పోనియ్యమంటది. పన్నెండున్నర లోపలే పోవాలంట. నాకు అనుమానమొచ్చి తాళంచెవి ఇంజన్లో పడిపోయిందని చెప్పా."

"దించు ఆమెని. బంకరు దగ్గరికి పట్రా."

యల్లమంద పరిగెత్తాడు. పన్నెండూ పద్నాలుగుకి బంకరులో దూరి, ఐడెంటిటీ కార్డు మేజరు ముఖం ముందు పెట్టాడు. ఇంక కోటయ్య మేస్త్రీ లేడు. "గోడలో బాంబుంది సార్. అందరూ బయటికి! అదిగో, ఆ తుమ్మచెట్ల కిందికి పోండి!"

ఆఫీసర్లు లేచారు. బయటి చార్జిని ఆపమని మేజరు కేక వేశాడు. డాక్టర్ గోపాలకృష్ణయ్య మాత్రం కదల్లేదు. "నా గోడలోనా?" అన్నాడు. ఆ ముసలాయన ముఖం పసిపిల్లాడి ముఖంలా అయిపోయింది. మేజరు అతని చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు.

జబ్బార్ లిల్లీని లాక్కొచ్చాడు. "ఎక్కడ?" అన్నాడు యల్లమంద.

లిల్లీ భుజాలెగరేసింది. మనుషులెట్లాగూ బయటపడ్డారు. గోడ కూలినా రబ్బరు కాంక్రీటు పేరు పోతుంది. "వెనక గోడ. మూడో వరస, ఎడమ నుంచి ఏడోది. అడుగున నీలం చుక్క ఉంటుంది. అక్కడే పెట్టమని గోడ పేర్చే ఇంకో మేస్త్రీకి నేనే చెప్పాను. ఇప్పుడు చెప్పినా తీయలేవు, పైన అయిదు వరసలున్నాయి. మనమూ పోదాం పద."

యల్లమంద ఏడో బ్లాకు ముందు కూర్చుని తాపీ మొనతో గీశాడు. పిండిలాంటి బూడిద రాలింది. దాని వెంట నల్లటి రబ్బరు నూక రాలింది. ఇంకో చోట గీశాడు. మళ్ళీ రబ్బరే.

"ఇది మన బ్లాకే."

లిల్లీ వంగి చూసింది.  నల్లకళ్ళద్దాలు తీసేసింది. "కాదు. అది కాదు. ఆ మేస్త్రీ అడుగున చుక్క చూడకుండా వేరేది పెట్టాడు. మరి అది... అది ఏమైంది?"

ఆ ప్రశ్న ఆమె నిజంగా అడుగుతోంది.  దాచినవాళ్ళకే తెలియదు. పన్నెండూ ఇరవై మూడు. ఏడు నిమిషాల్లో ఇక్కడెక్కడో ఒక చోటు పేలిపోతుంది.

గాలి తిరిగింది. తుమ్మచెట్ల వైపు నుంచి పొగ. పొగలో ఉడుకుతున్న అన్నం వాసన. కమ్మటి, మంచి వాసన.

కూలీల పొయ్యి.

నాపరాయి పెడితే పేలుతుంది. రబ్బరు బ్లాకు పెడితే కంపు కొడుతుంది. మరి ఈ పూట అత్త పొయ్యికి ఏం పెట్టింది?

చెట్ల కింద ఆరుగురు ఆఫీసర్లు, డాక్టరు నిలబడి ఉన్నారు. చుట్టూ గిన్నెలతో పన్నెండుమంది ఆడవాళ్ళు. మధ్యలో పొయ్యి. వాళ్ళనక్కడికి పంపింది తనే.

జీవితంలో అంత వేగంగా అతను ఎప్పుడూ పరిగెత్తలేదు.

"అత్తా! ఆ రాయి యాడిది?"

అంజమ్మ గరిట ఎత్తి చూపించింది. పొయ్యికి రెండు వైపులా మామూలు నల్లరాళ్ళు. మూడోవైపు బూడిదరంగు బ్లాకు, మంట వైపు నల్లగా మసిబారి. "లారీలోదేరా. అన్నిట్లో ఇదొక్కటే కంపు కొట్టలా. నెత్తిన పెట్టుకోగానే తెలిసిపోయింది. ఇంత మంచి రాయి గోడలో పెట్టడం దండగని ఇట్టా తెచ్చా. నీ మీసమేదిరా?"

"జరుగు! అందరూ జరగండి!"

"ఆగరా, అన్నం కుతకుతలాడతంది. ఒక్క నిమిషం, గంజి వార్చి..."

"అత్తా. అందులో బాంబుంది."

గట్టిగా అనలేదు. మామూలుగా అన్నాడు. అంజమ్మ మళ్ళీ అతని కళ్ళలోకి చూసింది, జొరం చూసినట్టే.  చీరచెంగు చేతులకు చుట్టుకుని, పొంగుతున్న కుండను పట్టి పక్కకు దించింది. "ఏమే! గిన్నెలొదిలి పరిగెత్తండి! అయ్యా దొరలూ, మీక్కూడానయ్యా చెప్పేది, బండలకు అవతల పడుకోండి!"

యల్లమంద నీళ్ళ డ్రమ్ములో ముంచిన గోనెసంచి బ్లాకు మీద పడేశాడు. బుస్సుమని ఆవిరి లేచింది. సంచితో సహా ఎత్తాడు. పదమూడు కిలోలు. వేడి గోనెలోంచి అరచేతుల్లోకి దిగింది. లోపల ఎక్కడో చిన్నగా, గడియారంలా, టిక్ టిక్ మంటోంది.

పాడుబడిన క్వారీ గుంట అరవై అడుగుల దూరం. లెక్కపెట్టుకుంటూ పరిగెత్తాడు. నలభయ్యో అడుగు దగ్గర సంచి జారింది. వట్టి చేతుల్తో పట్టుకున్నాడు. చర్మం కాలిన వాసన అతనికే తెలిసింది. గుంట అంచు. విసిరాడు. వెనక్కి పడ్డాడు.

పన్నెండున్నర.

భూమి ఒక్కసారి పైకి లేచి కూర్చుంది. గుంటలోంచి నాపరాళ్ళ ముక్కలు తాటిచెట్టెత్తు ఎగిరి, వానలా కురిశాయి. రాళ్ళు వెళ్ళి బంకరు గోడ మీద పడ్డాయి. దుమ్ము అణిగాక చూస్తే గోడ చెక్కుచెదరకుండా ఉంది.

డాక్టర్ గోపాలకృష్ణయ్య బండ చాటు నుంచి లేచి, గోడ దగ్గరికి నడిచి వెళ్ళి, దాని మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.  మేజరు మెల్లగా, "టెస్టు చెయ్యాలంటారా డాక్టర్ గారూ?" అన్నాడు.

"చెయ్యాలి. రూలంటే రూలే. సాయంత్రం నాలుగుకి. నేను లోపలే కూర్చుంటా."

"అయితే మేమూ కూర్చుంటాం."

రెండింటికి శేషగిరిరావు జీపులో దిగాడు. వోగెల్ కారు నడికుడి లెవెల్ క్రాసింగు దగ్గర పట్టుబడిందట. గేటు వేసి ఉంది, గూడ్సు బండి ఎంతకీ కదల్లేదు. లిల్లీ జబ్బార్ లారీ నీడలో, చేతులు కట్టేసి ఉండగా కూర్చుంది. చీఫ్ ఆమె ముందు ఒక్క క్షణం ఆగి, "ఆదెయ్యకి ఇద్దరు ఆడపిల్లలు," అని మాత్రం అన్నాడు. 

తుమ్మచెట్ల కింద అంజమ్మ మేనల్లుడి అరచేతులకు వెన్న రాస్తోంది.

"చదువుకున్నోడివి, గోనె రెండు మడతలెయ్యాలని తెలవదంట్రా?"

"తెలుసత్తా. టైము లేదు."

శేషగిరిరావు వచ్చి ఆమెకు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. "అమ్మా, ఢిల్లీ మిషను పట్టలేనిదాన్ని నువ్వు పట్టావు. గవర్నమెంటు నీకు రుణపడి ఉంది. నీకేం కావాలో అడుగు."

అంజమ్మ పొయ్యి వైపు చూసింది. రెండు రాళ్ళు. చల్లారిన బూడిద. పక్కన కుండలో సగం ఉడికి బిరుసెక్కిన అన్నం, దాని చుట్టూ ఆకలి మీదున్న పదకొండుమంది ఆడవాళ్ళు.

"ముందు ఒక రాయి ఇప్పియ్యండయ్యా," అంది. "కంపు కొట్టంది, పేలంది."

శేషగిరిరావు నోటుబుక్కు తెరిచి శ్రద్ధగా రాసుకున్నాడు. అటువంటి రాయి డిపార్టుమెంటు స్టోర్సులో ఇంతవరకు లేదు.